రెండో రోజు పొంగిన స్టార్టర్ ఇప్పుడు కదలట్లేదు, పారేసి మళ్ళీ మొదలెట్టాలా?

పిండిబుడగ
అందరికీ నమస్తే, ఇక్కడ చాన్నాళ్ళుగా చదువుతున్నా కానీ రాయడం ఇదే మొదలు. సోర్‌డో స్టార్టర్, అదే పుల్లటి రొట్టెని పొంగించే పులిసిన పిండి, మొదలెట్టా, పొట్టు తీయని గోధుమ పిండి, నీళ్ళు, గాజు జార్, అంతే, ఇంకేం వెయ్యలేదు. రెండో రోజు పొద్దున లేచి చూస్తే మూత దాకా పొంగి ఉంది, ఇంత తేలికా అనుకున్నా. వాసన మాత్రం ఘోరం, మురిగిన సాక్సుల కంపు, జార్ ఉన్న గది మొత్తం పట్టేసింది. ఆ తర్వాత నుంచి చప్పబడిపోయింది. కొత్త పిండీ నీళ్ళూ వేసి ఫీడ్ చేస్తున్నా, కలుపుతున్నా, అక్కడక్కడా ఒకటీ అరా బుడగ తప్ప కదలిక లేదు, పైన పల్చగా నీళ్ళు తేలుతున్నాయి. ఇది చచ్చిపోయినట్టేనా? కొంచెం ప్యాకెట్ ఈస్ట్ వేస్తే లేస్తుందని ఒకరు, తేనె వెయ్యమని ఒకరు అంటున్నారు. పిండి వేస్ట్ అవుతోందని ఇంట్లో గొడవ కూడా మొదలైంది, కాస్త చెప్పండి.

రొట్టెపిచ్చి
పారెయ్యొద్దు!!! ఈ ప్రశ్న వారానికోసారి వస్తుంది ఇక్కడ, అందరిదీ అక్కడే ఆగుతుంది. ఓపిక పట్టు బ్రో.

సగంకాలినరొట్టె
అవును, సగం మంది సరిగ్గా ఇక్కడే పారేసి మళ్ళీ మొదలెడతారు, మళ్ళీ రెండో రోజు పొంగుతుంది, మళ్ళీ ఆగుతుంది, మళ్ళీ పారేస్తారు. అలా నెలలు తిరుగుతూనే ఉంటారు.

ల్యాబ్‌కోటు
రొట్టెపిచ్చి గారు ఓపిక అన్నారు కానీ ఎందుకు ఓపిక పట్టాలో తెలిస్తే పట్టడం తేలిక, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా.

మీరు రెండో రోజు చూసిన పొంగు ఈస్ట్ పొంగు కాదు. పిండిలో పుట్టుకతోనే రకరకాల బ్యాక్టీరియా ఉంటాయి, నీళ్ళు తగలగానే ముందు లేచేవి ల్యూకోనోస్టాక్ లాంటివి, వాటితోపాటు పేగుల్లో ఉండే బ్యాక్టీరియా కుటుంబానికి చెందినవి కొన్ని. వీటికి గ్యాస్ వదిలే అలవాటు ఉంది, ఆ గ్యాసే మీ జార్‌ని మూత దాకా లేపింది, కంపు కూడా వాటిదే. ఖాళీ బస్సులో ముందొచ్చినవాడు ఎవడైనా కిటికీ సీట్లో కూర్చుంటాడు, బస్సు వాడిదని కాదు కదా. పిండి, నీళ్ళు కలిపినప్పుడు పీహెచ్ (పులుపు కొలత, అంకె దిగేకొద్దీ పులుపు ఎక్కువ) 6 దగ్గర ఉంటుంది, వీళ్ళకి అది హాయి. కానీ వీళ్ళే ఆసిడ్ కూడా వదులుతారు, పీహెచ్ దిగుతుంది, దిగేకొద్దీ వీళ్ళ పని వీళ్ళకే కష్టమై ఆగిపోతారు. అదే మీకిప్పుడు కనపడుతున్న నిశ్శబ్దం.

పైకి ఏమీ జరగనట్టు ఉన్నా లోపల చేతులు మారుతున్నాయి. పులుపు తట్టుకునే లాక్టిక్ బ్యాక్టీరియా పెరుగుతూ పీహెచ్‌ని 4 కిందకి తోస్తాయి, ముదిరిన స్టార్టర్ 3.5 నుంచి 4 మధ్య ఉంటుంది. ఈస్ట్‌కి ఆ పులుపు పెద్ద ఇబ్బంది కాదు, కాకపోతే మొదట్లో దాని సంఖ్య చాలా తక్కువ, పెరగడానికి టైం పడుతుంది. మామూలుగా వారం నుంచి రెండు వారాలు, చల్లటి ఇంట్లో ఇంకా ఎక్కువ. ప్యాకెట్ ఈస్ట్ వేస్తే రేపే పొంగుతుంది, కానీ అది మీరు వేసిన ఈస్ట్ పొంగు, మీ స్టార్టర్ ఎంతవరకు వచ్చిందో అస్సలు తెలీదు, పైగా ప్యాకెట్ ఈస్ట్ అందులో ఎక్కువ కాలం నిలదొక్కుకోకపోవచ్చు. తేనె, పంచదార కూడా అక్కర్లేదు, పిండిలోని అమైలేజ్ ఎంజైమ్ స్టార్చ్‌ని విరగ్గొట్టి మాల్టోజ్ చేసి పెడుతూనే ఉంటుంది, తిండికి కొదవ లేదు.

నిద్రలేనిఓవెన్
ల్యాబ్‌కోటు గారు చెప్పిందంతా కరెక్టే, కానీ నాకు ఆ పైన తేలుతున్న నీళ్ళ మీద అనుమానంగా ఉంది. పిండిబుడగ గారూ నాలుగు ముక్కలు చెప్పండి: పిండీ నీళ్ళూ ఎలా కొలుస్తున్నారు, ఏం నీళ్ళు, గది ఎంత వెచ్చగా ఉంటుంది, మూత బిగించారా వదులుగా పెట్టారా.

పిండిబుడగ
ఒక కప్పు పిండికి ఒక కప్పు నీళ్ళండి, సమానంగా వెయ్యాలని చదివా కదా. కుళాయి నీళ్ళే. మూత గట్టిగానే తిప్పి పెట్టా, ఈగలు దూరతాయని. గది ఏసీ గదే, 22 డిగ్రీలు ఉండొచ్చు.

నిద్రలేనిఓవెన్
దొరికింది. సమానం అంటే బరువులో సమానం అండి, కప్పుల్లో కాదు. ఒక కప్పు పిండి సుమారు 120 గ్రాములు తూగుతుంది, అదే కప్పు నీళ్ళు 240. అంటే మీది పిండికి రెండింతలు నీళ్ళు, బేకింగ్ లెక్కలో 200 శాతం హైడ్రేషన్. అంత పల్చటి దాంట్లో ఈస్ట్ గ్యాస్ చేసినా అది ఆగదు, బుడగ పైకొచ్చి పగిలి గాల్లో కలిసిపోతుంది, పొంగు కనపడదు. కాబట్టి పొంగలేదని పని జరగట్లేదు అనుకోవడానికి లేదు. ఆ పైన నీళ్ళు కూడా పిండి అడుగుకి దిగి తేరుకున్నవే.

ఇప్పుడు చెయ్యాల్సింది: కిచెన్ స్కేల్ ఒకటి సంపాదించండి, సోర్‌డోకి అదొక్కటీ లేకపోతే కష్టం. జార్‌లో ఉన్నదంతా బాగా కలిపి అందులోంచి 30 గ్రాములు తియ్యండి. ఆ ముప్ఫైలో 10 పిండి, 20 నీళ్ళు ఉంటాయి. దానికి 40 గ్రాముల పిండి, 30 గ్రాముల నీళ్ళు కలిపితే మొత్తం 50కి 50 అయిపోతుంది, లెక్క సరి. రేపటి నుంచి స్టార్టర్ 25 ఉంచి మిగతాది తీసేసి, పిండి 25, నీళ్ళు 25, దీన్నే 1:1:1 అంటాం. గరిటె పైకెత్తితే ముద్దగా, బద్ధకంగా జారాలి, ధారలా కారకూడదు.

మూత పైన పెట్టి వదిలెయ్యండి, బిగించొద్దు, లోపల కార్బన్ డయాక్సైడ్ చేరితే గాజు పగిలే ప్రమాదం ఉంది. గది 22 అంటే తప్పేం లేదు కానీ నెమ్మది, 25, 26 ఉంటే పని చురుగ్గా సాగుతుంది. కొంతమంది ఓవెన్ లోపల బల్బ్ మాత్రం వేసి అందులో పెడతారు, పెట్టండి గానీ ఓవెన్ నాబ్ మీద ఒక కాగితం అంటించండి, లోపల జార్ ఉందని ఇంట్లో ఇంకెవరికీ తెలీదు, వాళ్ళు ప్రీహీట్ నొక్కితే అక్కడితో అయిపోయింది.

రొట్టెపిచ్చి
ఆ కాగితం విషయం బంగారం. ఈ ఫోరంలో ఓవెన్‌లో కాలిపోయిన స్టార్టర్లకి విడిగా ఒక త్రెడ్ ఉంది 😂

సందేహాలరాణి
కుళాయి నీళ్ళలో క్లోరిన్ వల్ల చచ్చిపోతుందంటారు కదా, దాని గురించి ఎవరూ మాట్లాడరేంటి?

ల్యాబ్‌కోటు
అందరూ ముందు అనుమానించేది నీళ్ళనే, నిజంగా తప్పు నీళ్ళది అయ్యేది చాలా తక్కువసార్లు. క్లోరిన్ అయితే గిన్నెలో పోసి రాత్రంతా మూత లేకుండా ఉంచితే ఎగిరిపోతుంది. కొన్ని చోట్ల క్లోరమైన్ వాడతారు, అది అలా ఉంచినా పోదు, దానికి కార్బన్ ఫిల్టర్ నీళ్ళు వాడటం మేలు. నీళ్ళ నుంచి క్లోరిన్ వాసన గుప్పున వస్తుంటే తప్ప దీనికోసం బుర్ర పాడుచేసుకోకండి.

మౌనపాఠకుడు
నాకెప్పుడూ అర్థం కానిది ఇంకొకటి, రోజూ సగం పైన పారెయ్యమంటారు, అదేం పద్ధతండీ, తిండి పారేస్తుంటే మనసు ఒప్పదు. పారెయ్యకుండా పిండి కలుపుకుంటూ పోతే ఏమవుతుంది?

సగంకాలినరొట్టె
ఏమవుతుందా, లెక్క వేద్దాం. 20 గ్రాములతో మొదలెట్టి 1:1:1 అంటే ప్రతి ఫీడ్‌కి మూడింతలు. 60, 180, 540, 1620, అయిదో ఫీడ్‌కి 4860. దాదాపు అయిదు కిలోల స్టార్టర్, దాన్ని పెట్టడానికి బకెట్ కావాలి, ఆరో ఫీడ్‌కి దాని తిండి కోసం పది కిలోల పిండీ నీళ్ళూ కావాలి. లేదూ, పారెయ్యను, రోజూ అదే 20 గ్రాముల పిండి వేస్తా అంటారా, అప్పుడు తినేవాళ్ళు పెరుగుతారు, తిండి పెరగదు, పులుపు మాత్రం పేరుకుంటూ పోతుంది, ఈస్ట్ నీరసపడుతుంది.

మనసు ఒప్పకపోతే చిన్నగా నడపండి. 10 గ్రాముల స్టార్టర్, 10 పిండి, 10 నీళ్ళు. పారేసేది రోజుకి 20 గ్రాములు, అందులో పిండి పది గ్రాములే. యూట్యూబ్‌లో జార్ నిండుగా ఉంటే చూడ్డానికి బావుంటుందని అందరూ అలా చూపిస్తారు, సూక్ష్మజీవులకి జార్ సైజుతో పనిలేదు. కాకపోతే మరీ 5 గ్రాములకి దిగితే గోడలకి అంటుకున్నదే ఎక్కువైపోయి తూకం తప్పుతుంది.

నిద్రలేనిఓవెన్
దీనికి ఒకటి కలపాలి. కుదురుకున్నాక తీసేసే డిస్కార్డ్‌ని వంటల్లో వాడుకోవచ్చు, బాగా ఉడికించో కాల్చో. మొదటి వారం పది రోజుల్లో తీసింది మాత్రం వాడొద్దు, ల్యాబ్‌కోటు గారు చెప్పిన ఆ కంపు బ్యాచ్ అంతా అందులోనే ఉంటుంది. రుచి చూడటం కూడా వద్దు. పచ్చి పిండిలో ఈ.కోలై, సాల్మొనెల్లా ఉండే అవకాశం ఉంది, పిండి చూడ్డానికి పొడిగా ఉంటుంది కాబట్టి శుభ్రం అనుకుంటాం. వాసన చూడండి చాలు, ముక్కు చెప్పనిది నాలుక కొత్తగా చెప్పేదేం లేదు.

బుడగలరాజు
పైనాపిల్ జ్యూస్ గురించి ఎవరూ చెప్పలేదు!! నేను మొదటి మూడు రోజులు నీళ్ళ బదులు అదే పోశా, ఈ కంపు, ఈ ఆగిపోవడం ఏదీ లేదు, నేరుగా పొంగింది. పిండిబుడగ కూడా ఇప్పుడు అది పోస్తే సరి.

ల్యాబ్‌కోటు
అది పనిచేస్తుంది, కారణం కూడా ఉంది. పైనాపిల్ జ్యూస్ పుల్లగా ఉంటుంది కాబట్టి మొదటి రోజు నుంచే పీహెచ్ కిందే ఉంటుంది, ల్యూకోనోస్టాక్ గుంపుకి లేవడానికి ఛాన్స్ దొరకదు, ఆ దొంగ పొంగు దశ దాటిపోతాం. కానీ పిండిబుడగ గారి స్టార్టర్ ఆ దశ ఇప్పటికే దాటేసింది, అది ఇప్పుడు దానంతట అదే పుల్లబడింది, మళ్ళీ జ్యూస్ పోసి సాధించేది ఏమీ లేదు. కొత్తగా మొదలెట్టేవాళ్ళకి మంచిదే, తప్పనిసరి మాత్రం కాదు.

సందేహాలరాణి
ఇంకో ప్రశ్న, తిట్టకండి. ఈ ఈస్ట్ గాల్లోంచి వస్తుందా? మా ఫ్రెండ్ జార్ మూత తీసి కిటికీ దగ్గర పెడుతుంది, గాల్లో ఈస్ట్ పట్టాలని. ఊరిని బట్టి రొట్టె రుచి మారుతుంది అంటుంది.

రొట్టెపిచ్చి
కిటికీ దగ్గర పెడితే ఈగలు పడతాయి, ఈస్ట్ కాదు.

ల్యాబ్‌కోటు
రొట్టెపిచ్చి 😀 కానీ నిజమే. గాల్లో ఏదో కొద్దిగా ఉంటుంది, అసలు సరుకు పిండిలోనే ఉంది, కొంత చేసేవాళ్ళ చేతుల నుంచి కూడా వస్తుంది. పొట్టు తీయని పిండి, రై పిండి త్వరగా అందుకోవడానికి కారణం అదే, గింజ పై పొరల్లోనే సూక్ష్మజీవులు, ఖనిజాలు ఎక్కువ. బ్లీచ్ చేసిన మైదాతో మొదలెడితే చాలా ఆలస్యం.

ఊరి సంగతికొస్తే, 2021లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, నాలుగు ఖండాల నుంచి 500 స్టార్టర్లు తెప్పించి లోపల ఎవరెవరున్నారో చూశారు. ఏ ప్రాంతానిది అన్నదాన్ని బట్టి లోపలి జీవులు ఏవో చెప్పలేకపోయారు, తేడాకి భౌగోళికం పెద్ద కారణం కాదని తేలింది. అందులో దాదాపు 30 శాతం స్టార్టర్లలో వెనిగర్ చేసే రకం అసిటిక్ ఆసిడ్ బ్యాక్టీరియా కూడా దొరికాయి, అంతకుముందు వాటిని పెద్దగా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఇంకా తమాషా, 1971లో శాన్‌ఫ్రాన్సిస్కో రొట్టెల్లోంచి తీసి ఆ ఊరి పేరే పెట్టిన బ్యాక్టీరియా ఉంది, శాన్‌ఫ్రాన్సిసెన్సిస్ అని, అది ఆ ఊరికే ప్రత్యేకం అనుకున్నారు, తర్వాత చూస్తే చాలా దేశాల సోర్‌డోల్లో ఉంది.

ఆ బ్యాక్టీరియా కథ ఒకటి నాకు భలే ఇష్టం, అడక్కపోయినా చెప్తా. కజాక్‌స్టానియా హ్యూమిలిస్ అనే ఈస్ట్ తరచుగా దాని పక్కనే కాపురం ఉంటుంది. ఈ ఈస్ట్‌కి మాల్టోజ్ తినడం రాదు. బ్యాక్టీరియాకి మాల్టోజే ఇష్టం, అది తిని కొంత గ్లూకోజ్ బయటికి వదిలేస్తుంది, ఈస్ట్ ఆ గ్లూకోజ్ తింటుంది. ఇద్దరికీ ఒకే ప్లేటు దగ్గర పోటీ లేదు, అందుకే కలిసి ఏళ్ళ తరబడి నడుస్తాయి.

మౌనపాఠకుడు
ఇది చదివాక నా జార్ వైపు వేరేగా చూస్తున్నా.

పిండిబుడగ
అప్‌డేట్. స్కేల్ వచ్చింది, నిద్రలేనిఓవెన్ గారు చెప్పినట్టే 30, 40, 30 చేసి తర్వాత 1:1:1లో పెట్టా, మూత వదులు చేశా, ఏసీ గదిలోంచి వంటింట్లోకి మార్చా. ఆ కంపు పోయింది! ఇప్పుడు పుల్లటి పండు లాంటి వాసన. జార్‌కి రబ్బర్ బ్యాండ్ పెట్టి చూస్తున్నా, బ్యాండ్ పైకి రెండు వేళ్ళ ఎత్తు లేచి దిగిపోయింది, గోడ మీద మరక ఉంది. పక్కనుంచి చూస్తే లోపల చిన్న చిన్న రంధ్రాలు జాలీలా కనపడుతున్నాయి. ఇది మంచిదేనా? ఇంకా దొంగ పొంగేనా?

నిద్రలేనిఓవెన్
ఇది అసలుదే. వాసన మారడమే గుర్తు. గోడ మీద మరక దాకా ఎక్కి దిగిందంటే మీరు చూడనప్పుడు పీక్ వచ్చి పోయింది. ఇప్పుడు మార్చొద్దు, అదే పిండి, అదే టైం, కనీసం కొన్ని రోజులు. ఈ దశలో మనవాళ్ళు పిండి మారుస్తారు, బ్రాండ్ మారుస్తారు, నిష్పత్తి మారుస్తారు, తర్వాత దేనివల్ల ఏమైందో తెలీదు.

వేసవిబేకర్
నాది దీనికి పూర్తి రివర్స్ సమస్య. మా దగ్గర వంటిల్లు 34, 35 డిగ్రీలు, ఫీడ్ చేసిన మూడు నాలుగు గంటలకే పొంగి కూలిపోతుంది, సాయంత్రానికి నెయిల్ పాలిష్ వాసన, పిండి సాగుడు పోయి జావ అయిపోతోంది.

నిద్రలేనిఓవెన్
ఆకలండీ. నెయిల్ పాలిష్ వాసన అంటే తిండి అయిపోయి చాలాసేపైంది అని. అంత వేడిలో 1:1:1 సరిపోదు, 1:5:5 వెయ్యండి, 10 స్టార్టర్‌కి 50 పిండి, 50 చల్లటి నీళ్ళు. అప్పటికీ ఆగకపోతే నీళ్ళు తగ్గించి గట్టిగా కలపండి, గట్టి స్టార్టర్ నెమ్మదిగా నడుస్తుంది. వేడి 30 దాటితే ఈస్ట్ కంటే బ్యాక్టీరియాకే లాభం, అందుకే పులుపు ఎక్కువ పొంగు తక్కువ అవుతుంది. నీళ్ళ గిన్నెలో జార్ నిలబెట్టినా రెండు మూడు డిగ్రీలు దిగుతుంది.

బుడగలరాజు
పిండిబుడగ, ఫ్లోట్ టెస్ట్ చెయ్యి, చెంచాడు తీసి నీళ్ళలో వెయ్యి, తేలితే రొట్టెకి రెడీ.

సగంకాలినరొట్టె
ఆ ఫ్లోట్ టెస్ట్ గోల ఎప్పుడు వదుల్తారో. కలిపి తీస్తే గ్యాస్ పోయి మునుగుతుంది, పల్చగా ఉంటే మునుగుతుంది, పొట్టు తీయని పిండిది అయితే మంచిదైనా మునుగుతుంది. ఆ దొంగ పొంగు రోజు వేసి చూస్తే తేలుతుంది కూడా! గ్యాస్ ఉందని చెప్తుంది అంతే, ఆ గ్యాస్ ఎవరిదో చెప్పదు.

బుడగలరాజు
నాకైతే ఎప్పుడూ పనిచేసింది మరి.

సగంకాలినరొట్టె
నీ స్టార్టర్ మంచిది కాబట్టి.

కొత్తచెయ్యి
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నా జార్ గోడ మీద లేత గులాబీ రంగు చార ఉంది, మిగతాదంతా మామూలుగానే ఉంది, ఆ చార వరకు తీసేసి వాడొచ్చా?

ల్యాబ్‌కోటు
వద్దు. గులాబీ, నారింజ చారలు, లేదా నూగులా పైకి లేచిన బూజు ఏ రంగుదైనా సరే, మొత్తం పారెయ్యండి, జార్‌ని వేడినీళ్ళతో సబ్బుతో కడగండి. కనపడేది చార, లోపల ఎంత దూరం వెళ్ళిందో కనపడదు. పైన తేలే బూడిద రంగు లేదా నల్లటి నీళ్ళు వేరే సంగతి, అది ఆకలి వేసినప్పుడు వచ్చే ఆల్కహాల్ కలిసిన నీరు, దానికి భయం లేదు. గోడలకి పైన ఎండి అంటుకున్న పిండి దగ్గరే తరచుగా బూజు మొదలవుతుంది, ఫీడ్ చేశాక రబ్బరు గరిటెతో గోడలు కిందకి తోసెయ్యండి.

కొత్తచెయ్యి
పారేశాను. మళ్ళీ మొదలు, ఈసారి పైనాపిల్‌తో.

పిండిబుడగ
ఇప్పుడు ఆరు గంటల్లో రెండింతలు అవుతోంది!! నిన్న కూడా అయింది, ఈరోజు కూడా. పైభాగం గుండ్రంగా ఉబ్బి మధ్యలో గుంట పడటం మొదలవ్వగానే ఫీడ్ చేస్తున్నా. ఇక రొట్టె చేసెయ్యనా? ఇంట్లో గొడవ కాస్తా రొట్టె ఎప్పుడు అనే దాకా వచ్చింది.

నిద్రలేనిఓవెన్
ఇంకో రెండు మూడు ఫీడ్‌లు వరసగా ఇలాగే వస్తే చెయ్యండి. ఒక్కసారి రెండింతలు అవ్వడం కాదు, ప్రతిసారీ 4 నుంచి 8 గంటల్లో అవ్వడం ముఖ్యం. 500 గ్రాముల పిండికి 100 గ్రాముల స్టార్టర్ చాలు, పీక్‌లో ఉన్నప్పుడు, అంటే పైన ఇంకా ఉబ్బు ఉన్నప్పుడు వెయ్యాలి, కూలిపోయాక వేస్తే పులుపు పెరుగుతుంది పొంగు తగ్గుతుంది. మొదటి రొట్టె కాస్త బరువుగా వచ్చినా కంగారుపడొద్దు, కొత్త స్టార్టర్ బలం ఇంకా పెరుగుతుంది. ముఖ్యంగా, మొత్తం జార్ రొట్టెలో కుమ్మరించకండి, చెంచాడు వెనక్కి పెట్టుకోండి.

రొట్టెపిచ్చి
చివరి లైన్ పెద్ద అక్షరాల్లో రాయాల్సింది.

పిండిబుడగ
సరే అండి. వచ్చే నెల కొన్ని వారాలు ఊళ్ళో ఉండను, అప్పుడు దీన్నేం చెయ్యాలి? ఎవరికైనా అప్పగించాలా?

సగంకాలినరొట్టె
ఎవరికీ వద్దు, ఫ్రిజ్ చాలు. కొంచెం గట్టిగా ఫీడ్ చేసి, గంట బయట ఉంచి, 4 డిగ్రీల దగ్గర లోపల పెట్టెయ్యండి. మామూలుగా వారానికోసారి ఫీడ్ చెయ్యడం మంచిది కానీ కొన్ని వారాలు మరిచిపోయినా చావదు. వెనక్కొచ్చాక పైన నల్లటి నీళ్ళు ఉంటాయి, పారబోసి, అడుగు నుంచి చెంచాడు తీసి, రెండు మూడు సార్లు ఫీడ్ చేస్తే లేస్తుంది.

ఇంకా భయమైతే ఎండబెట్టి ఉంచుకోండి. పీక్‌లో ఉన్నది తీసి బేకింగ్ కాగితం మీద అద్దంలా పల్చగా రాసి, ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి, ఓవెన్ వేడి వద్దు. పెళపెళ విరిగేలా అయ్యాక పొడి చేసి తడి తగలని డబ్బాలో పెట్టండి. కావాల్సినప్పుడు ఒక చెంచాడు పొడి గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, మెత్తబడ్డాక పిండి కలిపి మామూలుగా ఫీడ్ చేసుకుంటూ పోవడమే. డబ్బా మీద తేదీ రాయండి, ఏం పిండో కూడా రాయండి, లేకపోతే ఆర్నెల్ల తర్వాత ఎవరో ఒకరు ఇదేం పొడి అని చెత్తబుట్టలో వేస్తారు.